జేజి పటంలోంచి మాట్లాడాలా, దయ్యమై రావాలా?

హ్యారీ పాటర్ చదివిన పిల్లలందరూ నన్ను అడిగేది ఒకటే. మొన్న కర్నూలులో మా అక్క కూతురు కూడా అడిగింది: "డంబుల్‌డోర్ పటంలోంచి మాట్లాడుతున్నాడు కదా మామా, ఇంక చచ్చిపోయినట్టెట్లా?" డంబుల్‌డోర్ అంటే ఆ కథల్లోని మంత్రాల బడి హాగ్వార్ట్స్‌కు హెడ్మాస్టరు. నేను రాస్తున్న కథా అక్కడే ఆగిపోయి ఉంది. అందులో పోయిన జేజి, అంటే నాయనమ్మ, మనవడితో మాట్లాడాలి. పటంలోంచా, దయ్యమై వచ్చా?

పటాన్ని తీసిపారేయడానికి లేదు. హాగ్వార్ట్స్ హెడ్మాస్టర్లు బతికుండగానే తమ పటం దగ్గరికి వెళ్లి, తమకు తెలిసినవన్నీ దానికి నేర్పిస్తారని ఆ కథలు రాసిన రౌలింగ్ వివరించారు. అందుకే డంబుల్‌డోర్ పటం, తన తర్వాత హెడ్మాస్టరైన స్నేప్‌కు దారి చూపగలిగింది. హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ తల్లి పటమైతే తెర తొలిగితే చాలు, అవే తిట్లు. దయ్యం సంగతి వేరు. చావంటే భయమేసి ఇక్కడే ఉండిపోయానని హాగ్వార్ట్స్‌లోని దయ్యం నిక్ తన నోటితోనే చెబుతాడు. ఉండిపోయింది ఆ మనిషే.

నా మటుకు తేల్చేది ఒకటే. ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది పటానికి తెలుస్తుందా? సిగ్గుపడే సంగతిని ఎవరూ తమ బొమ్మ ముందు కూర్చుని నేర్పరు. ఆ బడి స్థాపకుల్లో ఒకరి కూతురు హెలెనా రావెన్‌క్లా దయ్యం కాబట్టే, తల్లి కిరీటం దొంగిలించిన సిగ్గు వందల ఏళ్లయినా ఆమె గొంతులో పచ్చిగానే ఉంది.

దానికి దయ్యం చెల్లించే మూల్యం పెద్దదే. బడి బాత్రూములో మర్టిల్ అనే పిల్ల పోయింది 1943లో. యాభై ఏళ్లకు కూడా అదే బాత్రూములో, అవే వెక్కిరింతలు తలుచుకుని ఏడుస్తుంది. కొత్తవాళ్లను గుర్తుపెట్టుకుంటుంది, వయసు మాత్రం పెరగదు. చదివినప్పుడల్లా ఆ పిల్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఆ కథల్లోని దుష్ట మాంత్రికుడు రిడిల్ డైరీలో ఉన్నది పదహారేళ్ల వయసులో అతను దాచిన ఆత్మ ముక్క, మొత్తం మనిషి కాదు. బేతాళుడు ఇంకొకరి శవంలో దూరినవాడు, ఆ శవం గతం అతనిది కాదు. ఈ రెండూ నా కథకు పనికిరావు.

నా కథ 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీ మునిగినప్పటిది. నీళ్లలోంచి పక్కింటి పిల్లాడు "జేజీ" అని కేక వేస్తే, మిద్దె మీదున్న ఆమె చెయ్యి అందించలేకపోయింది. ఆ మాట పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆమె ఫోటోకు దండ వేసే కొడుక్కూ తెలియదు. పటంలోని జేజి అయితే జొన్న రొట్టె ఎట్లా తట్టాలో చెబుతుంది, మనవడి పెళ్లెప్పుడని అడుగుతుంది. ఆ కేక మాత్రం ఆమె విని ఉండదు.

అందుకే దయ్యాన్నే ఎంచుకున్నాను. ఇప్పుడు రాస్తున్న చోట జేజి రాత్రిపూట మిద్దె ఎక్కి, పిట్టగోడ మీద నుంచి కిందికి చెయ్యి చాచి నిలబడుతోంది. మనవడు చూశాడు. ఎవరికోసమని అడగడానికి వాడికింకా నోరు రాలేదు.