డెన్వర్‌లో రెండు రాత్రులు: హాకీ అదిరింది, హోటల్ ముంచింది

మేం దిగిన హోటల్ పేరు రాయను. అక్కడ జరిగింది మాత్రం పైసాతో సహా రాస్తాను. ఎందుకంటే కాలేజీ హాకీ చూడ్డానికి పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని డెన్వర్ వెళ్లే తెలుగువాళ్లు ఈమధ్య మా చుట్టుపక్కలే చాలామంది కనిపిస్తున్నారు.

మేం ఉండేది టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో. మావాడికి పదమూడేళ్లు. క్రికెట్ బ్యాటు అటక మీద పెట్టేసి రెండేళ్లుగా ఐస్ హాకీ ఆడుతున్నాడు. పుట్టినరోజుకి ఏం కావాలంటే డెన్వర్ యూనివర్సిటీ జట్టు ఆట చూపించమన్నాడు. 2024 ఏప్రిల్‌లో ఆ జట్టు ఫైనల్లో బోస్టన్ కాలేజీని 2-0తో ఓడించి పదో జాతీయ టైటిల్ గెలిచింది. అప్పటిదాకా మిషిగన్ యూనివర్సిటీతో సమానంగా తొమ్మిది దగ్గర ఉండేది. ఆ అక్టోబర్‌లో కొత్త సీజన్ మొదలయ్యాక కూడా వరసగా గెలుస్తూనే ఉంది. "అమ్మా, ఓడిపోకముందే వెళ్దాం" అని వాడు రోజూ అడగడం మొదలుపెట్టాడు.

తెనాలి నుంచి మామయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఆయనకి 68 ఏళ్లు, ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, గుండెకి ఒక స్టెంట్ కూడా ఉంది. ఒక్కర్నీ ఇంట్లో వదల్లేక వెంట తీసుకెళ్లాం. "మంచుగడ్డ మీద కర్రలతో ఆడే ఆట కోసం విమానం ఎక్కాలా?" అని విసుక్కుంటూనే బయల్దేరారు.

విమానం టైముకే దిగింది. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి క్యాబ్ 68 డాలర్లు చూపించింది. మేం రైలెక్కాం. 'A' లైన్ రైలు ఊరి మధ్యలో ఉన్న యూనియన్ స్టేషన్‌కి 37 నిమిషాల్లో చేరుస్తుంది. మా ఇద్దరికీ తలా 10 డాలర్ల డే పాస్, 65 దాటినవాళ్లకి రాయితీ కాబట్టి మామయ్యగారికి 2.70, పిల్లాడికి ఉచితం. మొత్తం 22.70. అదే పాస్‌తో తర్వాత 'E' లైన్ రైల్లో హోటల్ దాకా కూడా వెళ్లిపోయాం. మామయ్యగారు ఆ 2.70 టికెట్‌ని పర్సులో దాచుకున్నారు, ఇంకా తీయలేదు. వయసు చూపించే కార్డు మాత్రం దగ్గర ఉంచుకోండి.

ఇక హోటల్. ఊరికి దక్షిణాన, స్టేషన్ నుంచి నడిచే దూరంలో ఉందని తీసుకున్నాం. రెండు పెద్ద మంచాల గది, రాత్రికి 129 డాలర్లు అని బుక్ చేశాం. కౌంటర్ దగ్గరికి వెళ్లాక రాత్రికి ఇంకో 24.95 'సౌకర్యాల ఫీజు' అన్నారు. ఏం సౌకర్యాలంటే జిమ్, కాఫీ, న్యూస్‌పేపర్. పైగా 100 డాలర్లు డిపాజిట్ కింద కార్డు మీద పట్టి ఉంచారు. సరే, అలసిపోయి ఉన్నాం, సంతకం పెట్టేశాం. అక్కడే అడిగి ఉండాల్సింది.

గదిలో కిటికీ కింద ఉన్న హీటర్ ఆన్ చేస్తే చల్లగాలి కొట్టింది. రాత్రి ఎనిమిదింటికి కిందకి ఫోన్ చేశాం. ఒకతను వచ్చి, మూత తీసి చూసి, పార్టు సోమవారం వస్తుందన్నాడు. మేం ఆదివారం వెళ్లిపోతాం. వేరే గది ఇమ్మంటే అలాంటివి ఖాళీ లేవు, పెద్ద గది కావాలంటే రాత్రికి ఇంకో 45 కట్టమన్నారు. చెడిపోయింది వాళ్ల హీటర్, డబ్బు కట్టాల్సింది మేమా? నేను ఒప్పుకోలేదు. మావారికి గొడవంటే పడదు. "కట్టేద్దాం, పోనీ" అన్నారు. ఆ మాట మీద మా ఇద్దరికీ మాటా మాటా వచ్చి అరగంట మాట్లాడుకోలేదు.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే మామయ్యగారు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. నిద్ర పట్టడం లేదని మమ్మల్ని లేపలేదు. ముక్కులోంచి కొంచెం రక్తం కూడా వచ్చింది. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది, గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి అలా జరుగుతుందట. కానీ ఆ వేళప్పుడు, గుండెకి స్టెంట్ ఉన్న మనిషికి ముక్కు నుంచి రక్తం చూస్తే ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. శాలువా కప్పుకుని కిందకి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి రెండు పల్చటి దుప్పట్లు ఇచ్చి, మేనేజర్ ఏడింటికి వస్తారన్నాడు. పైకొచ్చి గది గోడ మీద 57 ఫారెన్‌హీట్ అని చూపిస్తున్న మీటర్‌ని ఫొటో తీశాను. ఆ ఫొటోనే తర్వాత మమ్మల్ని కాపాడింది.

పొద్దున్న మేనేజర్ మొదటి మాట, "ముందే చెప్పాల్సింది." ఫోన్‌లో రాత్రి ఎనిమిదింటి కాల్, రెండున్నరకి తీసిన ఫొటో రెండూ చూపించాను. నలభై నిమిషాల తర్వాత, అదనంగా ఏమీ కట్టించుకోకుండా గది మార్చారు. రాత్రి లేని గది పొద్దున ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లే చెప్పాలి. సౌకర్యాల ఫీజు మాత్రం తీసేయం అన్నారు. ఇంటికొచ్చాక కార్డు కంపెనీకి ఫొటోతో సహా రాస్తే మూడు వారాలకి ఆ 49.90 వెనక్కి వచ్చింది. మొదటి రాత్రి గది అద్దె రాలేదు. మీరు వెళ్తే తాళం తీసుకోగానే సామాను దించకముందే హీటర్ వేసి చూడండి. దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి.

శనివారం పొద్దున ఎర్రరాతి కొండల మధ్య ఉన్న రెడ్ రాక్స్ ఆరుబయలు థియేటర్ చూశాం, బాగుంది.

మధ్యాహ్నం పక్క ఊరు అరోరాలో ఇథియోపియా భోజనం తిన్నాం. మామయ్యగారు బయట తిండి ముట్టరని భయపడ్డాను. ఇంజెరా తుంచి నోట్లో పెట్టుకుని "ఇది మన పుల్లట్టే" అన్నారు. దాని మీద ఎర్ర కందిపప్పు లాంటి కూర, కారంగా, మన నాలుకకి సరిగ్గా సరిపోయేలా వేశారు. నలుగురం రెండు పెద్ద పళ్లేలు పంచుకున్నాం, టిప్పుతో కలిపి 51 డాలర్లు. రాత్రి నుంచి ముడుచుకున్న ఆయన మొహం అక్కడ విచ్చుకుంది.

ఆట జరిగే మాగ్నెస్ అరీనాకి అదే 'E' లైన్‌లో యూనివర్సిటీ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. పైన బంగారు రంగు గంటల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. టికెట్లు మేం ఒక రీసేల్ సైట్‌లో కొన్నాం. ఒక్కొక్కటి 42 అని చూపించి, చివర్లో 13.65 ఫీజు కలిపారు. పక్క సీటు పెద్దాయన అందులో సగం కన్నా తక్కువే కట్టారు. సీజన్ షెడ్యూల్ రాగానే యూనివర్సిటీ దగ్గరే కొనుక్కోండి. అంత పోసినా నాకు బాధ లేదు. కిందటేడు ఎన్‌హెచ్‌ఎల్ (ప్రొఫెషనల్ హాకీ లీగ్) మ్యాచ్‌కి పార్కింగ్‌తో కలిపి 480 ఖర్చుపెట్టి, పై వరసలో చీమల్లా కనిపించే ఆటగాళ్లని చూశాం. ఇక్కడ రింకు చుట్టూ ఉండే అద్దం నుంచి తొమ్మిదో వరసలో కూర్చున్నాం. స్కేట్ల అంచు మంచుని గీరే చప్పుడు వినిపించింది.

ఈ యూనివర్సిటీకి 1961 నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లేదు. అందుకే క్యాంపస్ అభిమానమంతా హాకీ మీదే. పక్క పెద్దాయన 1999లో ఈ అరీనా రాకముందు, పాత రింకు ఉన్న రోజుల నుంచీ వస్తున్నారట. పైన వేలాడుతున్న బ్యానర్లు చూపించి, 1958 నుంచి ఒక్కో టైటిల్ కథ మామయ్యగారికి చెప్పారు. ఇద్దరికీ ఒకరి ఇంగ్లిష్ ఒకరికి సగమే అర్థమైంది. అయినా మొదటి ఇరవై నిమిషాలు అయ్యేసరికి, పక్ (ఆడే రబ్బరు బిళ్ల) కన్నా ముందు నీలం గీత దాటితే ఆఫ్‌సైడ్ అని మామయ్యగారే నాకు చెప్పడం మొదలుపెట్టారు.

ఒక తల్లిగా నేను చూసింది వేరు. కాలేజీ హాకీలో అందరి మొహాలకీ జాలీ తప్పనిసరి. చేతులు చేసుకుంటే ఆట నుంచి బయటే, తర్వాతి మ్యాచ్‌కి కూడా కూర్చోబెడతారు. టీవీలో చూసిన ముష్టియుద్ధాలతో నాకు పట్టుకున్న భయం ఆ రాత్రి చాలావరకు పోయింది. ఈ జట్టు ఎందుకు గెలుస్తుందో కూడా అర్థమైంది. వెనక డిఫెన్స్ నుంచే దాడి మొదలవుతుంది. జీవ్ బుయియమ్ అనే కుర్రాడి మీంచి మావాడు కళ్లు తిప్పలేదు. అతను పెరిగింది శాన్‌డియాగోలో, మంచు పడని ఊళ్లో. "మన ఫ్రిస్కో లాగే కదా" అన్నాడు మావాడు. ముందు వరసలో జాక్ డివైన్, గోల్ దగ్గర మ్యాట్ డేవిస్. ఏప్రిల్ ఫైనల్లో బోస్టన్ కాలేజీ కొట్టిన 35 షాట్లూ ఆపింది ఈ డేవిసే. ఆ రాత్రి కూడా డెన్వరే గెలిచింది.

విరామంలో మావాడు కోచ్ డేవిడ్ కార్ల్ గురించి చెప్పాడు. 2008లో ఇక్కడ ఆడటానికి రావాల్సిన కుర్రాడికి పరీక్షల్లో గుండె కండరం జబ్బు బయటపడింది. ఇక ఆడకూడదన్నారు. అయినా యూనివర్సిటీ అతని స్కాలర్‌షిప్ తీసేయలేదు, చదువుకుంటూ కోచ్‌లకి సాయంగా ఉండనిచ్చింది. 2018లో అతనే హెడ్ కోచ్ అయ్యాడు, 2022లోనూ 2024లోనూ టైటిల్ గెలిపించాడు. మామయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆడలేడని తెలిసి కూడా చదువు చెప్పించారా?" అని మళ్లీ అడిగారు. బెంచీ వెనక కోటు వేసుకుని నిలబడ్డ ఆ మనిషి ఎవరో చూపించమన్నారు. మిగతా ఆటంతా పక్ కన్నా ఆయన్నే ఎక్కువ చూశారు.

డెన్వర్ ఆ సీజన్‌లో మొదటి 12 మ్యాచ్‌లూ గెలిచింది. నవంబర్‌లో అరిజోనా స్టేట్ చేతిలో తొలి ఓటమి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్‌లో జరిగిన సెమీఫైనల్లో వెస్టర్న్ మిషిగన్ చేతిలో రెండో ఓవర్‌టైమ్ దాకా పోరాడి 3-2తో ఓడిపోయింది. అప్పటికి మామయ్యగారు తెనాలి వెళ్లిపోయారు. అక్కడ తెల్లారేసరికి ఆయనే ఫోన్ చేసి స్కోరు అడిగారు. మావాడు చెప్పలేకపోయాడు, ఫోన్ నా చేతికిచ్చాడు.

ఈ అక్టోబర్‌కి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి హోటల్‌కి ముందే ఫోన్ చేసి, ఫీజులన్నీ కలిపి రాత్రికి 148 అని మెయిల్‌లో రాయించుకున్నాను.