యూటాకు మారే తెలుగు కుటుంబానికి ఏది మేలు: సాల్ట్ లేక్ వైపా, లీహై వైపా?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉద్యోగం ఖాయమైన తెలుగువాళ్లు మొదట అడిగేది ఇల్లు ఎక్కడ తీసుకోవాలని. రెండో ప్రశ్న కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కడంతా చర్చివాళ్లేనట కదా, మనల్ని కలుపుకుంటారా?" నా లెక్కలో ఈ రెండూ ఒకటే ప్రశ్న. ఇల్లు ఏ వైపు తీసుకున్నారన్నదాన్ని బట్టి రెండోదానికి జవాబు మారిపోతుంది. ఆఫీసుకు ఎంత దూరం, బడి రేటింగ్ ఎంత అని చూసుకుని సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. వాటికంటే ముందు పిల్లల వయసు చూసుకోమని నేను గట్టిగా చెబుతాను.

ఆ చర్చి పూర్తి పేరు 'ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్'. మోర్మన్లు అని మనం వినేది వీళ్ల గురించే. ఆ పేరు వాడొద్దని 2018లో చర్చి అధ్యక్షుడే కోరారు. 'లేటర్-డే సెయింట్స్'కు పొట్టి పేరైన ఎల్‌డీఎస్ మాత్రం జనం మాటల్లో ఇంకా నడుస్తోంది, నేనూ అదే వాడతాను. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైన చర్చి ఇది. స్థాపించిన జోసెఫ్ స్మిత్‌ను 1844లో ఇల్లినాయ్‌లో ఒక మూక కాల్చి చంపింది. తర్వాత బ్రిగమ్ యంగ్ జనాన్ని వెంటబెట్టుకుని పడమటికి బయల్దేరి, 1847 జులై 24న సాల్ట్ లేక్ లోయలో అడుగుపెట్టారు. ఇప్పటికీ జులై 24 రాష్ట్ర సెలవు. ఆ రాత్రి బాణసంచా జులై 4కు ఏమాత్రం తీసిపోదు. ఉన్నచోటల్లా తరిమితే వచ్చి, నీళ్లు లేని నేలలో కాలువలు తవ్వుకుని బతికినవాళ్ల వారసులు మీ ఇరుగుపొరుగు. వాళ్లు ఒకరినొకరు అంతగా అంటిపెట్టుకుని ఉండటం చూసి మనకు మొదట్లో వచ్చే చిరాకు, ఈ కథ తెలిశాక చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడ బతకడానికి ముందుగా తెలియాల్సింది వార్డు, అంటే ఒక ప్రాంతంలోని చర్చి సభ్యుల సంఘం. ఎల్‌డీఎస్‌లో నచ్చిన చర్చికి వెళ్లడం అంటూ ఉండదు. మీ అడ్రస్ ఏ హద్దులో పడితే అదే మీ వార్డు. దాన్ని నడిపే పెద్దను బిషప్ అంటారు. జీతం ఉండదు, పగలంతా తన ఉద్యోగం తను చేసుకునే మామూలు మనిషి. ఎల్‌డీఎస్ కుటుంబాలు ఒత్తుగా ఉండే చోట నాలుగైదు వీధులే ఒక వార్డు అయిపోతాయి. అప్పుడు వీధి, చర్చి, పిల్లల స్నేహాలు మూడూ ఒకటే. పలచగా ఉండే చోట వార్డు హద్దు మైళ్ల కొద్దీ ఉంటుంది, వీధి మాత్రం అందరిదీ. సాల్ట్ లేక్‌కూ లీహైకీ ఉన్న అసలు తేడా ఇదే.

లీహై యూటా కౌంటీలో ఉంది, సాల్ట్ లేక్ సిటీకి దక్షిణంగా సుమారు 30 మైళ్లు. ఊరి పేరే వాళ్ల గ్రంథంలోని ఒక ప్రవక్తది. అడోబీ పెద్ద క్యాంపస్ ఇక్కడే, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఫ్యాక్టరీ ఇక్కడే, అందుకే మనవాళ్లు ఎక్కువగా ఇటే చూస్తారు. ఇంకా కిందికి వెళ్తే ప్రోవో, అక్కడ చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ. జనంలో సగానికి చాలా పైన ఎల్‌డీఎస్ వాళ్లే.

చిన్న పిల్లలున్న ఇంటికి లీహై వైపు ఉండే ఆప్యాయత నేను ఇంకెక్కడా చూడలేదు. సామాను దింపుతుండగానే ఎవరో ఒకరు చేయి వేస్తారు. మంచు పడిన పొద్దున తలుపు తీసేసరికి మన వాకిలి ఎవరో శుభ్రం చేసి వెళ్లిపోయి ఉంటారు, ఎవరో కూడా చెప్పరు. బాలింత ఉన్న ఇంటికి వరసగా భోజనాలు వస్తాయి, చర్చికి వెళ్లని ఇంటికి కూడా. ఇది మతం మార్చడానికి వేసే ఎర అని కొందరు మనవాళ్లు అంటారు, ఆ మాట నేను ఒప్పుకోను. చర్చికి రమ్మని పిలవడం ఉంటుంది, అది వాళ్ల నమ్మకంలో భాగం, దాచరు. రానని చెప్పినా మంచు తీయడం ఆగదు. నేను కళ్లారా చూసింది అదే.

ఇబ్బంది పిల్లలు పెద్దయ్యే కొద్దీ మొదలవుతుంది. ఎనిమిదేళ్లకు ఎల్‌డీఎస్ పిల్లలకు బాప్తిజం. క్లాసులో ఒక్కొక్కరిదీ అవుతుంటే మన పిల్ల ఇంటికొచ్చి "నాదెప్పుడమ్మా?" అని అడుగుతుంది. మన దేవుడి గురించి, మన పద్ధతుల గురించి కూర్చోబెట్టి చెప్పడానికి అది మంచి సందర్భమే, నొప్పి ఏమీ ఉండదు. పన్నెండేళ్లు నిండే సంవత్సరం జనవరిలో వాళ్లు యూత్ ప్రోగ్రాంలోకి మారతారు. అక్కడి నుంచి వారంలో ఒక సాయంత్రం వార్డులో ఆటలో, వంటలో, సేవ పనులో ఉంటాయి. వేసవిలో క్యాంపులు, మధ్యలో టెంపుల్ (వారం వారం వెళ్లే చర్చి కాదు, వాళ్ల ప్రత్యేక పవిత్ర మందిరం) ట్రిప్పులు. పద్నాలుగేళ్లకు సెమినరీ అనే మతబోధన క్లాసు మొదలు. ఆ వయసులో స్నేహాలన్నీ ఈ క్యాలెండర్ చుట్టూనే అల్లుకుంటాయి.

లీహైలో ఉండే ఒక స్నేహితురాలు నాతో అన్న మాట ఇది: "బుధవారం సాయంత్రం మా వీధిలో మా వాడొక్కడే బంతి కొట్టుకుంటూ ఉంటాడు అక్కా. ఎవరూ వాడిని వద్దనలేదు. రమ్మనే పిలిచారు. కానీ వెళ్తే ప్రార్థనతో మొదలవుతుంది, వెళ్లకపోతే ఒంటరి." ఇందులో తప్పుపట్టాల్సిన మనిషి ఎవరూ లేరు, అందుకే దీన్ని మోయడం కష్టం. గొడవపడితే తీరేది కాదు, ఎవరికో ఫిర్యాదు చేస్తే పోయేదీ కాదు.

సెమినరీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు ఇది కొత్త. హైస్కూల్ పక్కనే, బడి స్థలం కాని చోట, చర్చి కట్టిన చిన్న భవనం ఉంటుంది. తల్లిదండ్రుల అనుమతితో పిల్లలు బడి వేళల్లోనే ఒక పీరియడ్ అక్కడికి వెళ్లి మతబోధన విని తిరిగొస్తారు. దానికి బడి క్రెడిట్ ఇవ్వదు. 1912లో సాల్ట్ లేక్‌లోని గ్రానైట్ హైస్కూల్ దగ్గర మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు రాష్ట్రమంతటా ఉంది. వెళ్లని పిల్లలకు ఆ పీరియడ్‌లో ఇంకో సబ్జెక్టు తీసుకునే వీలుంటుంది. చదువు మీద శ్రద్ధ ఉన్న పిల్లలకు అది లాభమే. సగం మంది వెళ్లే బడిలో మిగిలిన సగం ఒక గుంపుగా ఉంటారు. దాదాపు అందరూ వెళ్లే బడిలో మన పిల్లకు ఆ గంట ఎవరితో గడపాలో తెలియదు.

సాల్ట్ లేక్ సిటీ సంగతి వేరు. చర్చి ప్రధాన కార్యాలయం అక్కడే, 1853లో మొదలుపెట్టి నలభై ఏళ్లకు పూర్తిచేసిన పెద్ద టెంపుల్ అక్కడే. వీధుల నంబర్లు కూడా టెంపుల్ స్క్వేర్ నుంచే లెక్క. 2100 సౌత్ అంటే అక్కడి నుంచి దక్షిణంగా 21 బ్లాకులు. అయినా చర్చి గుండెకాయ లాంటి ఈ ఊళ్లోనే ఎల్‌డీఎస్ కానివాళ్లు ఎక్కువ. యూనివర్సిటీ ఆఫ్ యూటా, ఆసుపత్రులు, ఇతర దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, అన్ని రకాల జనం. ట్రాక్స్ రైలు ఉంది, కాఫీ షాపులున్నాయి, ఆదివారం ఊరు మూసుకుపోదు. మీరు ఏ చర్చికి వెళ్తారని ఎవరూ అడగరు. అలాగే మీ వాకిలిలో మంచు కూడా ఎవరూ తీయరు. పెళ్లి కాని కుర్రాళ్లకు, కొత్త జంటలకు ఇది సుఖం. ఇద్దరు చిన్నపిల్లలతో, అమ్మానాన్నల సాయం లేకుండా వచ్చిన ఇంటికి మొదటి శీతాకాలం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. పైగా చలికాలంలో ఇన్వర్షన్ పట్టి, అంటే పైన వెచ్చని గాలి మూతలా కమ్మి, పొగ లోయలోనే నిలిచిపోతుంది. ఆ బాధ మాత్రం రెండు వైపులా సమానమే.

ఈ రెండింటికీ మధ్యలో సౌత్ జోర్డన్, శాండీ, డ్రేపర్ ఉన్నాయి. సాల్ట్ లేక్ కౌంటీలో దక్షిణపు కొస ఇది. 'పాయింట్ ఆఫ్ ద మౌంటెన్' అనే కొండ మలుపు దాటితే లీహై. వార్డులు బలంగానే ఉంటాయి, కానీ వీధిలో నాలుగు రకాల ఇళ్లు కనిపిస్తాయి. శ్రీ గణేశ హిందూ టెంపుల్, దాని పక్కనే ఇండియా కల్చరల్ సెంటర్ సౌత్ జోర్డన్‌లోనే ఉన్నాయి. పండగ రోజు పిల్లలను తీసుకుని పది నిమిషాల్లో గుడికి వెళ్లగలగడం చిన్న విషయం కాదు. చుట్టూ ఉన్న పిల్లలందరికీ వారం వారం వెళ్లే చోటు ఒకటి ఉన్నప్పుడు, మన పిల్లలకూ అలాంటిది ఒకటి ఉండాలి. ఇది ఇక్కడికి వచ్చాకే నాకు బలంగా అర్థమైంది. మేము ముందు లీహైలో ఉండి, పెద్దమ్మాయి మిడిల్ స్కూల్‌కు వచ్చే వేళకు కొండ ఇవతలికి మారాం.

లీహై వైపు గుడే లేదని అనుకోవద్దు. స్పానిష్ ఫోర్క్‌లో ఇస్కాన్ వాళ్ల రాధాకృష్ణ మందిరం ఉంది, ప్రోవో దాటాక. అక్కడి హోలీకి వేలాది మంది వస్తారు, వాళ్లలో చాలామంది బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ విద్యార్థులే. ఆ గుంపులో పిల్లలను ఒకసారి నిలబెడితే, తమ పండగ ఇక్కడ దాచుకోవాల్సింది కాదని వాళ్లకే తెలుస్తుంది. పార్క్ సిటీ గురించి కూడా అడుగుతుంటారు. ఎల్‌డీఎస్ తక్కువే, కానీ స్కీయింగ్ కోసం వచ్చే డబ్బున్నవాళ్ల ఊరు. ఉద్యోగాల కోసం వచ్చిన మామూలు కుటుంబానికి నేను సలహా ఇవ్వను.

ఇల్లు ఎక్కడైనా సరే, మెలగడంలో కూడా రెండు దారులున్నాయి. ఒకటి, తలుపు వేసుకుని మన తెలుగువాళ్లతోనే ఉండటం. రెండోది, వాళ్ల పిలుపులకు వెళ్తూ, మన హద్దు మనం చెప్పడం. నా ఓటు రెండోదానికే. మొదటి దారిలో పెద్దవాళ్లకు హాయిగానే ఉంటుంది, శని ఆదివారాలు గడిచిపోతాయి. సోమవారం బడికి వెళ్లేది మాత్రం పిల్లలే.

హద్దు చెప్పడంలో మనకు అడ్డొచ్చేది మొహమాటం. తెల్ల చొక్కా, టై, నల్ల పేరుబిళ్లతో ఇద్దరు కుర్రాళ్లు తలుపు కొడతారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్లుంటాయి, చర్చి తరఫున రెండేళ్ల మతప్రచార మిషన్‌లో ఉంటారు. మనం "ఇప్పుడు పనిలో ఉన్నాం, తర్వాత చూద్దాం" అంటాం. మన దగ్గర దానికి అర్థం వద్దనే. వాళ్లు మాత్రం నిజంగానే తర్వాత వస్తారు. "మేము హిందువులం, మా పద్ధతిలో సంతోషంగా ఉన్నాం, మతం గురించి మాట్లాడొద్దు. మంచినీళ్లు తాగి వెళ్లండి" అని నవ్వుతూ ఒక్కసారి చెప్తే చాలు. నొచ్చుకోరు. పొరుగువాళ్లతోనూ అంతే: క్రిస్మస్ పార్టీకి, పిల్లల ఆటలకు వస్తాం, పాఠాలకు రాము అని మొదటి నెలలోనే చెప్పేయండి. సగం సగం జవాబుల వల్లే టెన్షన్ పెరుగుతుంది.

వాళ్ల వైపు హద్దులు కూడా తెలుసుకోవాలి. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ పెట్టడం మన చేతికి అలవాటు. వాళ్లు కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టరు; 2019లో గ్రీన్ టీ కూడా కుదరదని చర్చి స్పష్టం చేసింది. నిమ్మరసమో మజ్జిగో ఇవ్వండి, మామిడిపళ్ల కాలంలో మ్యాంగో జ్యూస్ ఇస్తే రెండో గ్లాసు అడుగుతారు. పిల్లల పుట్టినరోజు ఆదివారం పెడితే చాలామంది రారు, శనివారం పెట్టండి. నెలలో మొదటి ఆదివారం వాళ్లకు ఉపవాసం, ఆ రోజు భోజనానికి పిలవొద్దు. ఆఫీసులో సహోద్యోగి పెళ్లి టెంపుల్‌లో అయితే రిసెప్షన్‌కే పిలుస్తారు. ప్రతిష్ఠ అయిన టెంపుల్‌లోకి చర్చి అనుమతిపత్రం ఉన్న సభ్యులే వెళ్లాలి; సొంత బంధువులైనా అది లేకపోతే బయటే ఆగుతారు. మనల్ని చిన్నచూపు చూశారనుకోవద్దు.

మనం చెప్పాల్సినదీ ఒకటుంది. వాళ్లు ప్రేమగా తెచ్చే ప్లేట్లలో జెల్లో అనే జెల్లీ స్వీటు ఉంటుంది, యూటా 2001లో దాన్ని అధికారిక స్నాక్‌గా ప్రకటించుకుంది కూడా. అందులో జెలటిన్ ఉంటుంది, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసింది. మార్ష్‌మెల్లోల్లో కూడా అంతే. మాంసం ముక్క లేదు కాబట్టి శాకాహారమే అని వాళ్లు నిజాయితీగా అనుకుంటారు. మా పక్కింటావిడకు ఈ సంగతి చెప్పాక, తర్వాతి వారం పెట్టె వెనక రాసింది చదివి మరీ వేరే స్వీటు తెచ్చింది.

కాబట్టి నా తీర్పు ఇది. పిల్లలు అయిదో తరగతిలోపు ఉంటే లీహై వైపు నిర్భయంగా వెళ్లండి, ఆ ఆప్యాయత డబ్బుతో వచ్చేది కాదు. కాకపోతే అద్దెకే ఉండండి. పెద్ద పిల్లకు పదకొండు దాటుతుంటే సౌత్ జోర్డన్, శాండీ వైపు మేలు. ఆఫీసు లీహైలో ఉన్నా ఐ-15 హైవే మీద ఆ డ్రైవింగ్ భరించొచ్చు, లేదా ఫ్రంట్‌రన్నర్ రైలెక్కొచ్చు, అది ఆదివారం నడవదు అంతే. పిల్లలు లేనివాళ్లు సాల్ట్ లేక్ సిటీలోనే ఉండండి. హైస్కూల్ వయసు పిల్లలుంటే మాత్రం ఏ వైపైనా సరే, లీజు మీద సంతకం పెట్టే ముందు ఆ స్కూల్ కౌన్సిలర్‌కు ఫోన్ చేయండి. సెమినరీ పీరియడ్‌కు సుమారు ఎంతమంది వెళ్తారు, వెళ్లనివాళ్లకు ఆ గంటలో ఏ క్లాసులు దొరుకుతాయి అని ఈ రెండూ అడిగి తెలుసుకోండి.