మజ్జిగకు మార్కులు తక్కువ, ఉపదేశి గారికి ఎక్కువ: మా గుడి వేసవి తరగతులు

ఏప్రిల్ ఆఖరులో బడి మూసేస్తే మళ్లీ జూన్ 12 దాకా పిల్లల్ని ఎక్కడ ఉంచాలన్నది మా ఇంట్లో ఏటా ఉండే టెన్షనే. నేను బెజవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పూట ఇద్దరు పిల్లలు ఇంట్లో ఉంటే నిద్ర ఎలా పడుతుందో చెప్పక్కర్లేదు. అబాకస్, కరాటే, స్విమ్మింగ్ ఏది అడిగినా వేలల్లో చెప్తున్నారు. మా విచారణలో, అంటే మా కథోలిక గుడి పరిధిలో, పిల్లలకు మా మతపాఠాలు చెప్పే వేసవి సత్యోపదేశ తరగతులకు మాత్రం తలకి 150 రూపాయలు. అందులోనే నోటుబుక్కు, ఒక జపమాల, రోజూ టిఫిను. మే మొదటి రెండు వారాలు పెట్టారు. ఆరో తరగతికి వచ్చే బాబునీ, మూడో తరగతికి వచ్చే పాపనీ పంపాను. వచ్చే ఏడు పంపొచ్చా అని తెలిసినవాళ్లు ఒక్కొక్కరే అడుగుతున్నారు, అందుకే అంతా ఒకేచోట రాస్తున్నా. గుడి పేరు రాయను. గుణదల కొండ కనిపించేంత దూరంలో ఉంటుంది, అంతవరకు చాలు.

ముందు ఎండ సంగతి. ఏడున్నర నుంచి పదిన్నర అన్నారు, ఒక్కరోజూ పదకొండున్నరకి తక్కువ వదల్లేదు. మే నెల బెజవాడలో ఆ గంట తేడా చిన్నదేం కాదు. పెద్ద పిల్లలకు గుడి లోపల ఫ్యాన్ల కింద క్లాసు, చిన్నవాళ్లకేమో బయట రేకుల షెడ్డు. తిరగేసి ఉండాల్సింది. మూడో రోజు ఇద్దరు చిన్నపిల్లలకు తలనొప్పి, వాంతులు. నేను ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పట్టుకెళ్లి గుడి సిస్టర్ (మఠకన్య) గారి చేతికిచ్చి, చిన్నవాళ్లని లోపలికి మార్చమన్నాను. మర్నాడు మార్చారు. చెప్తే వింటారు, అది మెచ్చుకోవాలి.

మజ్జిగ రుచికి వంక లేదు. ఉప్పు, కరివేపాకు, నిమ్మాకు నలిపి వేసి స్టీలు డ్రమ్ములో పెట్టి, పైన తడిగుడ్డ కప్పేవారు. కాకపోతే పిల్లలు తాగిన గ్లాసునే మళ్లీ డ్రమ్ములో ముంచుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. దీని గురించి కూడా చెప్పాను. గరిటె అయితే వచ్చింది గానీ, రెండో రోజుకే అది డ్రమ్ము అడుగున మునిగిపోయి మళ్లీ గ్లాసులే దిగాయి.

ఇక చదువు. ప్రథమ దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పాన్ని మొదటిసారి, తీసుకోబోయే పిల్లలకు మా ఉపదేశి గారు (గుడిలో మతపాఠాలు చెప్పేవారు) చెప్పారు. పంచె కట్టుకుని సైకిల్ మీద వచ్చే పెద్దాయన. మైకు ముట్టుకోరు. మా పాప ఈ బ్యాచే. ఈ వయసు పిల్లలకు సత్ప్రసాదం ఇవ్వడం మొదటినుంచీ ఇలాగే ఉందనుకున్నాను. 1910కి ముందు చాలాచోట్ల పది పన్నెండేళ్లు దాటేదాకా ఆపేవారట, పదవ పయస్ పోపు గారు మంచిచెడ్డా తెలిసే ఏడేళ్ల ప్రాయం చాలన్నారట. అది ఆయన చెబితేనే తెలిసింది.

ఒకరోజు ఇంకా పూజలో పెట్టని అప్పాలు తెచ్చి పిల్లల చేతుల్లో తలా ఒకటి పెట్టారు. తిని చూడమన్నారు. ఒకడు చప్పగా ఉందన్నాడు, ఒకమ్మాయి అంగిలికి అతుక్కుందంది. గోధుమపిండి, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండదని చెప్పి, "ఇప్పుడు ఇది అప్పమే. పూజలో గురువు (ఫాదర్ గారు) ప్రభువు మాటలు పలికాక ఇది ఎవరు?" అని అడిగారు. ఏమిటి అని కాదు, ఎవరు అని. అది క్రీస్తు ప్రభువే అవుతుందని కదా మా విశ్వాసం. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న నాకు ఒళ్లు జలదరించింది. నేను చిన్నప్పుడు ప్రశ్నలు జవాబులు బట్టీ కొట్టి దాటేసినదాన్ని.

చేతులు ఎలా పట్టాలో నేర్పినరోజు మా ఇంట్లో చిన్న రభస. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెట్టి అందుకుని, కుడిచేత్తో నోట్లో పెట్టుకోవాలి. మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఎడంచేత్తోనా దేవుణ్ణి తీసుకునేది?" అని కూర్చున్నారు. మర్నాడు తనే వెళ్లి ఉపదేశి గారిని నిలదీశారు. ఆయన నవ్వి, "నాలుక మీద తీసుకోవచ్చమ్మా, రెండూ ఒప్పే" అన్నారట. పాప నాలుక మీదే తీసుకుంది. నానమ్మ గెలిచింది.

ఉపవాసం గురించి మాత్రం తల్లిదండ్రులకే ఒక క్లాసు పెట్టాలి. రిహార్సల్ పూజలో ఒక పిల్లాడు కళ్లు తిరిగి పడిపోయాడు. అడిగితే రాత్రి నుంచీ ఏమీ పెట్టలేదట, నీళ్లు కూడా. సత్ప్రసాదానికి ముందు ఒక్క గంట ఆహారం మానితే చాలు. నీళ్లు తాగొచ్చు, మందులు వేసుకోవచ్చు. ముసలివాళ్లకు, జబ్బుతో ఉన్నవాళ్లకు ఆ గంట కూడా తప్పనిసరి కాదు. షుగరు మాత్ర మానేసి పూజకొచ్చే పెద్దవాళ్లూ ఇది చదవండి, మీరు ఎమర్జెన్సీకి వస్తే చూసేది మేమే.

పెద్ద క్లాసుకి సెమినరీ (ఫాదర్ కావడానికి చదివే చోటు) నుంచి సెలవుల సేవకు వచ్చిన బ్రదర్ గారు. క్రికెట్ బాగా ఆడతాడట, మావాడికి అంతకన్నా ఏం కావాలి? కార్లో అకుటిస్ కథ చెప్పాడు. జీన్స్ వేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, దివ్యసత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైట్ తయారుచేసిన ఇటలీ కుర్రాడు. 2006లో పదిహేనేళ్లకే బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు. 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. ఆ రాత్రి మావాడు నన్ను పడుకోనివ్వలేదు. లుకేమియా అంటే ఏంటి, మీ హాస్పిటల్లో పిల్లలకు వస్తుందా, వస్తే బతుకుతారా? పునీతుల కథ విని వాడు ఇన్ని ప్రశ్నలు ఎప్పుడూ అడగలేదు.

కరపత్రంలో లేని విషయం ఒకటుంది, నాకు అన్నింటికన్నా నచ్చింది అదే. మంచాన పడ్డవాళ్లకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి ఫాదర్ గారు ఇళ్లకు వెళ్లేటప్పుడు పెద్ద క్లాసు పిల్లల్ని నలుగురేసి చొప్పున వెంట తీసుకెళ్లారు. ఒకడి చేతిలో కొవ్వొత్తి, ఒకడి చేతిలో చిన్న గంట. ఫాదర్ గారి జేబులో బంగారు రంగు డబ్బీ. దారిలో మాటల్లేవు. మావాడు వెళ్లింది రైల్వేలో చేసి రిటైరైన ఒక తాతగారింటికి. పక్షవాతం, మాట పడిపోయింది. వీళ్లు మరియమాతకు చెప్పే మంగళవార్త జపం మొదలుపెడితే ఆయన పెదాలు వీళ్లతోపాటే కదిలాయట, ఒక్క అక్షరం వెనకబడకుండా. "మాట రాదన్నారు కదమ్మా, మరి జపం ఎలా వచ్చింది?" అని అడిగాడు. పక్షవాతంలో సొంతంగా మాట కూడగట్టుకోలేనివాళ్లకు కూడా చిన్నప్పటినుంచీ నోటికొచ్చిన పాటలు, జపాలు మిగులుతాయని వార్డులో చూసి చెప్పాను. తర్వాత నెమ్మదిగా, "అక్కడ వాసన వచ్చింది, నేను ముక్కు మూసుకోలేదు" అన్నాడు. అది పడకపుండ్ల వాసన. కొత్తగా చేరిన నర్సింగ్ పిల్లలే మొదటిసారి బయటికి పరుగెడతారు. మర్నాడు నేను వెళ్లి, రెండు గంటలకోసారి పక్కకు ఎలా తిప్పాలో, నడుం కింద తడి లేకుండా ఎలా చూడాలో వాళ్ల కోడలికి చూపించాను. ఆ వీధిలోనే ఐదేళ్లుగా ఉంటున్నాం. తరగతులు లేకపోతే ఆ ఇంటి గడప తొక్కేదాన్నే కాదు. రోగుల అభ్యంగనం, అంటే జబ్బుపడ్డవాళ్లకు ఫాదర్ గారు నూనె పూసి చేసే ప్రార్థన, ఆఖరి ఘడియలకే అనుకుని ఫాదర్ గారిని పిలవడానికి భయపడుతున్నారు వాళ్లు. జబ్బు ముదిరినప్పుడైనా, పెద్ద ఆపరేషన్‌కి ముందైనా అడగొచ్చు.

గుణదల కొండకు తెల్లవారుజామునే తీసుకెళ్లారు, ఎండ ఎక్కకముందే దించేశారు. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్లలో తోపులాట తప్ప ఏమీ కనపడని చోట, పిల్లలు సిలువమార్గం స్థలాలన్నీ (క్రీస్తు సిలువ మోసిన దారి ఘట్టాలు) ఆగి ఆగి చూశారు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తమ్మ అనే అమ్మాయికి మరియమాత కనిపించడం, 1924లో అర్లాటి ఫాదర్ గారు ఇక్కడ స్వరూపం నిలబెట్టడం, రెండు కథలూ గుహ దగ్గరే కూర్చోబెట్టి చెప్పారు. దిగాక తాటిముంజలు. ఏర్పాట్లలో వంక పెట్టడానికేమీ లేదు.

వంకలు ఆఖరి మూడు రోజులకు దాచుకున్నాను. వార్షికోత్సవం పేరుతో చదువు పూర్తిగా ఆగిపోయింది. స్కిట్లు, డాన్సులు, దేవదూతల డ్రెస్సులకు అద్దె 400, అది ఫీజుకి అదనం. మెయిన్ పాత్రలు ఎవరి పిల్లలకు వెళ్లాయో అందరికీ తెలుసు. ఆ రోజు సభలో సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి రాత్రి పదకొండు, పాప నా ఒళ్లో రెక్కలతోనే నిద్రపోయింది. ఆ మూడు రోజులూ ఇంటి సందర్శనలకు ఇచ్చుంటే ఐదుకి ఐదు వేసేదాన్ని. ఇప్పుడు మూడున్నర.

ఇంకొకటి. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో సగం మంది జపాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. మే నెలంతా సాయంత్రాలు ఇంటింటా జపమాల జరుగుతుంది కదా, అక్కడికి తీసుకెళ్లండి. మా పాప చదివి నేర్చుకోలేనిది వీధిలో పదిమందితో కలిసి చెప్పి వారంలో పట్టేసింది.

పంపాలనుకునేవాళ్లు ఏప్రిల్‌లోనే ఆదివారం రెండో పూజ అయ్యాక సిస్టర్ గారి దగ్గర పేరు రాయించండి. ప్రథమ సత్ప్రసాదం బ్యాచ్ అయితే జ్ఞానస్నానం సర్టిఫికెట్ జిరాక్స్ కావాలి. వేరే ఊరి గుడిలో అయి ఉంటే అక్కడి ఫాదర్ గారికి ముందే ఫోన్ చేసి తెప్పించుకోండి, ఆఖరి వారంలో పరుగులు పెట్టొద్దు. నీళ్ల సీసాతోపాటు సొంత గ్లాసు కూడా ఇచ్చి పంపండి.