జెడ్-స్కాన్‌కు ఏ లేజర్: నానోసెకండా, ఫెమ్టోసెకండా?

హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరి, బంగారు నానోక్లస్టర్లు (కొద్దిపాటి పరమాణువుల గుత్తులు) చేతికొచ్చాక చాలామందిని పట్టుకునే టెన్షన్ ఇదే. జెడ్-స్కాన్ అంటే నమూనాను లేజర్ ఫోకస్ గుండా జరుపుతూ, తీవ్రమైన కాంతిని అది ఎలా శోషిస్తుందో కొలిచే పద్ధతి. నానోసెకండ్ అంటే సెకనులో వందకోట్లో వంతు, ఫెమ్టోసెకండ్ అందులో పది లక్షలో వంతు; లేజర్ పల్సు ఎంతసేపుంటుందో ఈ పేర్లు చెబుతాయి.

ఖర్చు: 532 నానోమీటర్ల పచ్చ కాంతినిచ్చే నానోసెకండ్ ఎన్‌డీ-యాగ్ లేజర్ చవక. ఫెమ్టోసెకండ్ టైటానియం-సఫైర్ ఖరీదు దానికి ఎన్నో రెట్లు.

శ్రమ: మొదటిది తొందరగా పనిలోకి వస్తుంది. రెండోదానికి గది ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. మే ఎండల్లో ఏసీ ఆగిందంటే అలైన్‌మెంట్ మళ్లీ మొదటికొస్తుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. నానోసెకండ్ పల్సు పొడవైనది. ముందొచ్చిన ఫోటాన్లు ఎలక్ట్రాన్లను పై స్థాయికి లేపితే, వెనకొచ్చినవి అక్కడినుంచి ఇంకా పైకి తోస్తాయి. దానికి వేడి కూడా తోడవుతుంది. ఆ మొత్తాన్నీ రెండు-ఫోటాన్ల శోషణ (రెండు ఫోటాన్లను ఒకేసారి మింగడం) అని రాసేస్తే తప్పు. ఫెమ్టోసెకండ్‌లో ఈ కలగాపులగం తక్కువ. కానీ సెకనుకు 8 కోట్ల పల్సులిచ్చే ఆసిలేటర్ రకం లేజర్ వాడితే వేడి మళ్లీ పేరుకుంటుంది, 1 కిలోహెర్ట్జ్ (సెకనుకు వెయ్యి పల్సుల) యాంప్లిఫయర్ రకం నయం. ఏ లేజరైనా, దయచేసి క్లస్టర్లను కరిగించే ద్రావకాన్ని ఒక్కదాన్నే ముందు కొలవండి, దాని వంతు ఎంతో తెలుస్తుంది.

నానోసెకండ్ లేజర్ల నుంచి కళ్లను, సెన్సర్లను కాపాడే ఆప్టికల్ లిమిటర్ మీ లక్ష్యమైతే నానోసెకండ్ చాలు. 25 బంగారు పరమాణువుల క్లస్టర్ సొంత స్వభావం తేల్చాలంటే మాత్రం, ఫెమ్టోసెకండ్ లేజర్‌పై స్లాట్ దొరికేదాకా ఆగండి.