గోడకు రంగా, ఊరికి పండగా, చేతికి పనా: ఏది మేలు?

మా ఊరి నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు తలా కొంత వేసుకుని ఆరు లక్షలు పోగుచేశారు. గుడికి కాదు, బడికి కాదు, పాత బజారు వీధికట. ఒకప్పుడు చుట్టుపక్కల పది ఊళ్ల వాళ్లు పెళ్లి బట్టల కోసం వచ్చిన వీధి అది. బైపాస్ పడ్డాక వ్యాపారం అంతా అటు పోయింది. ఇప్పుడు సగం షట్టర్లు తెరుచుకోవు. "ఏదైనా ఆర్ట్ ప్రాజెక్ట్ పెడదాం, వీధికి మళ్లీ కళ వస్తుంది" అన్నాడు వాళ్లలో ఒకబ్బాయి. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ, మన భాషలో ఆర్టుకూ మొహంలో వెలుగుకూ ఒకటే మాట. చిక్కేమిటంటే, మొదటిది తెచ్చి పెట్టినంత మాత్రాన రెండోది దానంతట అది రాదు.

మూడు ప్రతిపాదనలు వచ్చాయి. గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేయించడం ఒకటి. ఏటా నాలుగు రోజులు కళా ఉత్సవం జరపడం రెండోది. మూతపడ్డ కొట్టొకటి అద్దెకు తీసుకుని, ఊరి పిల్లలకు ఏదో ఒక చేతిపని నేర్పించి, చేసినవి అమ్మడం మూడోది. కమిటీలో నన్నూ వేశారు కాబట్టి, ఈ మూడూ ఎక్కడెక్కడ ఏం చేశాయో నాకు తెలిసినంతలో పక్కపక్కన పెట్టి చూశాను.

గోడ బొమ్మలు

దీనికే చేతులు ఎక్కువ లేచాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. నెల తిరక్కుండా పని అయిపోతుంది, ఫొటోలో బాగా పడుతుంది, పెద్దవాళ్లెవరైనా వచ్చి ప్రారంభించడానికి కంటికి కనబడే వస్తువు ఒకటి ఉంటుంది.

మన దేశంలో దీనికి పేరు తెచ్చింది స్టార్ట్ ఇండియా ఫౌండేషన్. 2014లో మొదలైంది. స్ట్రీట్‌నీ ఆర్ట్‌నీ కలిపి పెట్టుకున్న పేరు అది. దిల్లీ లోధి కాలనీ, హైదరాబాద్ ఎం.ఎస్. మక్తా, చెన్నై కన్నగి నగర్, మూడింట్లోనూ బొమ్మలు వేయించింది వాళ్లే. పద్ధతి ఒకటే, చోట్లు వేరు. అందుకే పోల్చడానికి బాగా పనికొస్తాయి.

లోధి కాలనీ బ్రిటిష్ పాలన చివరి రోజుల్లో ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టిన క్వార్టర్లు. ఎత్తైన గోడలు, వెడల్పాటి రోడ్లు, నీడనిచ్చే చెట్లు. అక్కడ ఇప్పుడు యాభైకి పైగా కుడ్యచిత్రాలున్నాయి. చూడ్డానికి ముచ్చటే. కానీ దాన్ని చూపించి, రంగులేస్తే ఊరు బాగుపడుతుందంటే మాత్రం నేను ఒప్పుకోను. పక్కనే ఖాన్ మార్కెట్, లోధి గార్డెన్స్ ఉన్న కాలనీ ఎప్పుడు చెడింది గనక బాగుపడటానికి? ఉన్న ఇంటికి ముగ్గు వేసినట్టు, అంతే.

మక్తా సంగతి వేరు. ఖైరతాబాద్ పరిధిలో, గవర్నరు బంగళాకూ నెక్లెస్ రోడ్డుకూ మధ్య ఇరుక్కున్న బస్తీ. 2016లో ఇళ్ల గోడల మీద బొమ్మలు వేశారు. హైదరాబాద్ కళాకారుల జంట స్వాతి, విజయ్ గీసినవీ అక్కడున్నాయి. నగరంలో ఏళ్లుగా ఉంటున్నా మక్తా ఎక్కడో తెలియని వాళ్లు కెమెరాలు పట్టుకుని ఆ సందుల్లోకి వెళ్లడం మొదలుపెట్టారు. అది చిన్న విషయం కాదు. అయితే ఫొటో దిగి వెళ్లిపోయేవాడు మహా అయితే ఒక టీ తాగుతాడు. పైగా పేదల బస్తీలో గోడ స్థిరంగా ఉండేది కాదు. కొడుక్కి పెళ్లయితే పైన ఇంకో గది లేస్తుంది, కొళాయి పైపు వస్తే గోడ పగులుతుంది. ఇల్లు పెరగాల్సిందే, బొమ్మ పోవాల్సిందే. ఇంటివాడికి ఇల్లు ముఖ్యమా, బొమ్మా అంటే నేను ఇంటివాడి వైపే.

నాకు తేల్చుకోవడం కష్టమైంది కన్నగి నగర్ విషయంలో. చెన్నై నగరం మధ్యలో కాలవల ఒడ్డునా, నదుల ఒడ్డునా ఉన్నవాళ్లను ఖాళీ చేయించి 2000 నుంచి తీసుకెళ్లి పెట్టిన పునరావాస కాలనీ అది. వేల కుటుంబాలు. పక్కనే ఐటీ కంపెనీల రోడ్డు. ఆధార్ కార్డు మీద కన్నగి నగర్ అని ఉంటే పనిలోకి తీసుకోవడానికి వెనకాడేవాళ్లట. నేరాలు జరిగే చోటు అని ముద్ర. 2020 నుంచి అక్కడి బ్లాకుల గోడల మీద ఆకాశమంత బొమ్మలు లేచాయి. వాటిలో అక్కడి పిల్లల నవ్వు మొహాలూ ఉన్నాయి. అడ్రసే గాయమైన చోట, ఆ అడ్రసు గురించి పేపర్లో మొదటిసారి మంచిమాట రావడం దేనితోనూ కొలవలేం. దీన్ని తీసిపారేసేవాళ్లు ఏ అడ్రసు వల్లా ఉద్యోగం పోగొట్టుకోని వాళ్లై ఉంటారు.

అయినా ఒక మాట. 2025లో బహ్రెయిన్‌లో జరిగిన ఆసియా యువ క్రీడల్లో మన అమ్మాయిల కబడ్డీ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో కన్నగి నగర్ అమ్మాయి ఉంది. ఆ వారం తమిళనాడంతా ఆ కాలనీ పేరు మోగింది. బయటి నుంచి వచ్చి వేసిన బొమ్మకూ, లోపలి నుంచి లేచిన పేరుకూ తేడా ఉంటుంది. గోడ మీద నవ్వేది కాలనీ పిల్లే, గీసింది మాత్రం కాలనీ చెయ్యి కాదు.

ఇక మన ఊళ్ల గోడల అనుభవం మనకూ ఉంది. స్వచ్ఛ సర్వేక్షణ్ వాళ్లు వస్తున్నారంటే మున్సిపాలిటీ గోడలన్నిటి మీదా చెట్లూ, పక్షులూ, చెత్తబుట్టలో చెత్త వేస్తున్న పాపా ప్రత్యక్షమవుతాయి. ఆరు నెలలకు పాప మొహం మీద కోచింగ్ సెంటర్ పోస్టరు. ఏడాదికి ఎన్నికల గుర్తు. మా వీధి గోడలేమో పడమటి ఎండకు ఎదురుగా ఉన్నాయి, రంగు ముందు అక్కడే వెలుస్తుంది. తెలిసిన పెయింటింగ్ మేస్త్రిని అడిగితే పరంజా కట్టడం, గోడ గీకడం, పుట్టీ, ప్రైమర్ అని లెక్క చెబుతూ, "బొమ్మ మొదలెట్టకముందే మీ డబ్బులో పెద్ద ముక్క అయిపోద్ది సార్" అన్నాడు.

ఉత్సవం

దీని గురించి ఎక్కువ చెప్పను. ఉత్సవం అనగానే అందరూ కొచ్చి పేరెత్తుతారు. కొచ్చి ముజిరిస్ బినాలే 2012 డిసెంబరు 12న మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారులు. రెండేళ్లకోసారి, మూడు నెలలకు పైగా సాగుతుంది. ఒకప్పుడు మిరియాలూ కాఫీ వ్యాపారం నడిచిన ఆస్పిన్‌వాల్ హౌస్ లాంటి పాత కట్టడాలే ప్రదర్శనశాలలు. పాత గిడ్డంగికి మళ్లీ పని దొరికింది, హోమ్‌స్టేలకూ ఆటోవాళ్లకూ బేరం పెరిగింది. నిజమే. కానీ బినాలే రాకముందు నుంచీ ఫోర్ట్ కొచ్చికి చీనా వలలున్నాయి, పక్కనే మట్టాంచేరిలో యూదుల ప్రార్థనామందిరం ఉంది, దేశవిదేశాల యాత్రికులున్నారు. వెనక కేరళ ప్రభుత్వం డబ్బూ ఉంది. ఇన్ని ఉండి కూడా కోవిడ్‌తో 2020లో జరగాల్సింది 2022 డిసెంబరు దాకా జరగలేదు. అప్పుడైనా అనుకున్న రోజుకు తెరుచుకోక పదకొండు రోజులు వాయిదా పడింది. అంత పెద్ద సంస్థకే అలాగైతే, ఆరు లక్షలతో మేం జరిపే ఉత్సవం రెండో ఏడాదికి షామియానా బాకీగా మిగులుతుంది.

అసలు మనకు తెలిసిన ఉత్సవం వేరే ఉంది. కోస్తా జిల్లాల్లో నాటక పరిషత్తులు ఎన్ని లేవు! మూడు నాలుగు రాత్రులు పోటీ నాటకాలు, బడి ఆవరణలో స్టేజీ, ఊరి వాళ్ల ఇళ్లలో కళాకారులకు భోజనాలు. ఎవరూ దాన్ని కమ్యూనిటీ ఆర్ట్ అనలేదు కాబట్టి మన లెక్కలోకి రాదు. అలాంటి పరిషత్తు ఇంకా బతికున్న ఊరైతే నేను కళ్లు మూసుకుని డబ్బు దానికే ఇమ్మంటాను. మా ఊళ్లో అది మా నాన్నగారి తరంతోనే ఆగిపోయింది.

చేతిపని

దీనికి ఏటికొప్పాకను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. మన అమ్మలు ఆడుకున్న లక్కపిడతలు అక్కడివే. అంకుడు కర్రను ఎండబెట్టి, లేత్ మీద తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఇంత చక్కటి పని కూడా ప్లాస్టిక్ బొమ్మల ముందు దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. చవక రసాయన రంగులు వచ్చిపడ్డాక, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు అవి మంచివి కావన్న బెంగ ఇంకొకటి.

అక్కడ సి.వి. రాజు గారు చేసింది చూడండి. పనివాళ్లను కూడగట్టుకుని, పసుపు, నీలి, జాఫ్రా గింజల లాంటి వాటి నుంచి లక్కకు రంగు పట్టించే పద్ధతులు తయారుచేశారు. కొత్త కళ ఏదీ తేలేదు. ఊళ్లో ఉన్న చేతికి, ఊళ్లో ఉన్న లేత్‌కు, అడ్డుపడుతున్న ఒక్క సమస్య తీసేశారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకు పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

అంతా సుఖమేమీ కాదు. అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోంది, నరికినంత తేలిగ్గా చెట్టు పెరగదు కదా. పక్కనే అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలున్నాయి. ఒకటో తారీఖున పడే జీతం ముందు ఇరవయ్యేళ్ల కుర్రాడు లేత్ దగ్గర ఎందుకు కూర్చోవాలన్న ప్రశ్నకు శకటం జవాబు కాదు.

ఒడిశాలో పూరీ దగ్గర రఘురాజ్‌పూర్ ఉంది. బట్ట మీద గీసే పటచిత్రాలకు పేరు, ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు. 2000లో, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ అనే సంస్థ చొరవతో వారసత్వ గ్రామమైంది. అక్కడ ఇళ్ల గోడల మీదా బొమ్మలే, కానీ గీసింది ఆ ఇళ్లవాళ్లే. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఊరు బాగా దెబ్బతింది, ఇళ్లలో దాచుకున్న బొమ్మలు పాడయ్యాయి. అలాంటి రోజున తెలుస్తుంది తేడా. బయటివాళ్లు వేసిన గోడ చెడిపోతే బయటివాళ్ల కోసం ఎదురుచూడాలి. రఘురాజ్‌పూర్‌లో మళ్లీ గీయగల చెయ్యి అరుగు మీదే ఉంది. అయితే ఆ ఊరి వీధిలో నడుస్తుంటే ప్రతి అరుగు నుంచీ "రండి, చూడండి" అన్న పిలుపే. ఊరంతా కొట్టయిపోతే ఉండే ఇబ్బంది అది. ఖాళీ షట్టర్ల కంటే మాత్రం నయం.

ఈ మూడో దారికి ఉన్న పెద్ద లోపం వేరు. దాన్ని ఎక్కడి నుంచో తెచ్చి నాటలేం. మా ఊళ్లో అంకుడు లేదు, లక్కపని ఎరిగిన ఇల్లు లేదు. పని లేని చోట శిక్షణ పెడితే ఏమవుతుందో మాకు తెలుసు. పదేళ్ల కిందట మా దగ్గరే ఒక సంస్థ కుట్టుపని నేర్పుతామని పన్నెండు మిషన్లు తెచ్చింది. సర్టిఫికెట్లు ఇచ్చారు, ఫొటోలు దిగారు, వెళ్లారు. మిషన్లు ఇప్పటికీ ఒక గదిలో తుప్పు పడుతున్నాయి. ఆ గది తాళం ఎవరి దగ్గరుందో కూడా ఎవరికీ తెలియదు.

మరి మా వీధికి?

తూచిన తూకం ఇలా తేలింది. ఆ ఊళ్లో బతికున్న పని ఉంటే చేతిపనే మేలు, రెండో మాట లేదు. పేరే చెడిపోయిన కాలనీకి గోడ బొమ్మ మంచి మొదలు, కాకపోతే కాలనీ పిల్లలు కూడా బ్రష్ పట్టుకోవాలి. ఉత్సవం ముందే జనం వచ్చే చోటికి, లేదా పరిషత్తు బతికున్న చోటికి.

మా ఊళ్లో ఏ పనీ లేదనే అనుకున్నాం, ఒక మీటింగులో మా బాబాయ్, "ఆర్టిస్టు గారు లేరట్రా?" అనేదాకా. ఫ్లెక్సీలు రాకముందు ఈ వీధిలో ప్రతి బోర్డూ రాసింది ఆయనే. లారీల వెనక అక్షరాలు, సినిమా హాలు ముందు బ్యానర్లు, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల గుర్తులూ. ఫ్లెక్సీ వచ్చాక బండ్ల నంబర్ ప్లేట్లు రాసుకున్నారు. హై సెక్యూరిటీ ప్లేట్లు వచ్చి అదీ పోయింది. ఇప్పుడు అల్లుడి జిరాక్స్ షాపులో కూర్చుంటారు.

అక్కడి నుంచి నా లెక్క మారింది. ఆయనకు నెలకు పదిహేను వేలు, ఏడాదికి లక్షా ఎనభై వేలు. ఎనిమిది మంది పిల్లలకు నేర్చుకునేటప్పుడు నెలకు మూడేసి వేలు, అది రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు. మిగిలిన లక్షా ముప్పై రెండు వేలు కొట్టు అద్దెకూ, రంగులకూ. వీధిలో తెరిచి ఉన్న కొట్ల బోర్డులన్నీ మళ్లీ చేత్తో రాయాలి. మూసి ఉన్న షట్టర్ల మీద ఒకప్పుడు అక్కడ ఏ కొట్టు ఉండేదో దాని బొమ్మ. ఏడాది తర్వాత బోర్డులూ, పెళ్లి పందిళ్ల పేర్లూ రాయించుకునే బయటి బేరాలు వస్తే ఆ కొట్టు నడుస్తుంది. రాకపోతే మూతపడుతుంది. నడుస్తుందని నేను పందెం కాయను. కానీ ఎనిమిది మందికి అక్షరం రాయడం వచ్చి ఉంటుంది, ఆరు లక్షల్లో నాలుగు లక్షల అరవై ఎనిమిది వేలు ఊరి ఇళ్లలోకే వెళ్లి ఉంటుంది.

అమెరికా అబ్బాయిలకు ఇది అంతగా రుచించలేదు. "అంకుల్, పెద్ద గోడ ఒక్కటైనా ఉండాలి కదా" అన్నారు వీడియో కాల్‌లో. సరే అన్నాం. బజారు మొగలో ఉన్న పాత ధాన్యం గోడౌన్ గోడ చూపించడానికి ఆర్టిస్టు గారిని తీసుకెళ్లాను. అరచేత్తో తట్టి చూశారు, గోటితో సున్నం గీకి చూశారు. "చెమ్మ ఉందండీ. వానలు పోయేదాకా దీని జోలికి పోవద్దు. ఈలోగా పిల్లల్ని పంపండి, ముందు తలకట్టు సరిగ్గా పెట్టడం రావాలి వాళ్లకి" అన్నారు.