ఇంటి కచేరీకి ఏ రికార్డర్ మేలు?

ఎండలు ముదిరినప్పటి నుంచి ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. ఇంట్లో చిన్న కచేరీ పెట్టుకుంటున్నాం, జూమ్ హెచ్1 ఎసెన్షియల్ కొనమంటారా, టాస్కామ్ డీఆర్-05ఎక్స్ కొనమంటారా అని. రెండూ చేతిలో ఇమిడేవే. రెండింట్లోనూ వేసేది మైక్రో ఎస్‌డీ కార్డే. అడిగేవాళ్లంతా బిట్ల లెక్కతో, అంటే శబ్దాన్ని ఎంత వివరంగా నమోదు చేస్తుందో చెప్పే అంకెతో, మొదలుపెడతారు. నేను మాత్రం మైకులు ఎలాంటివో ముందు చూడమంటాను.

అయినా బిట్ల సంగతి తేల్చేద్దాం. జూమ్‌లో ఉన్న 32 బిట్ ఫ్లోట్ వల్ల లెవెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా ఎక్కాలో, ముందే పెట్టుకునే పని తప్పుతుంది. ఆలాపన ఎంత సన్నగా సాగినా, తని ఆవర్తనంలో, అంటే లయ వాద్యం ఒంటరిగా వాయించే చోట, మృదంగం ఎంత గట్టిగా మోగినా తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. పాడేదీ మీరే, రికార్డు చేసుకునేదీ మీరే అయితే అది నిజంగా పెద్ద సుఖం. డీఆర్-05ఎక్స్‌లో ఉన్నది 24 బిట్లే. కచేరీకి ముందు మృదంగం వాయించేవారిని అడిగి అర నిమిషం పూర్తి జోరుతో వాయింపించుకుని, తెర మీది మీటరు గీత మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా పెట్టుకుంటే మళ్లీ దాని జోలికి వెళ్లక్కర్లేదు. కావాలంటే అదే వరుసలో తర్వాత వచ్చిన డీఆర్-05ఎక్స్‌పీలో 32 బిట్ ఫ్లోట్ కూడా ఉంది. కానీ ఫ్యాన్ గాలి మైకును కొట్టిందంటే ఎన్ని బిట్లున్నా ఆ కొట్టుడంతా బిట్లలోకి భద్రంగా ఎక్కుతుంది.

అసలు తేడా మైకుల్లోనే. జూమ్‌లో ఉన్నది ఎక్స్‌వై జత. రెండు మైకులు 90 డిగ్రీల్లో ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి, ముందున్నదాన్ని బాగా పట్టి వెనకదాన్ని తగ్గిస్తాయి. టాస్కామ్‌వి ఆమ్ని మైకులు. చుట్టూ ఉన్నదంతా ఇంచుమించు సమానంగా వింటాయి. చప్పుడు ఎక్కువుండే ఇంట్లో ముందువైపు మాత్రమే వినే మైకే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

పోయిన ఏప్రిల్‌లో మల్కాజిగిరిలో ఒకరింట్లో వీణ కచేరీ. హాల్లో పాతిక మందిమి, నడినెత్తిన ఫ్యాన్. స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న ఎక్స్‌వై రికార్డర్‌ను స్పాంజి తొడుగు లేకుండానే వీణకు ఎదురుగా పెట్టాను. భైరవి ఆలాపన మంద్రంలోకి దిగినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. మర్నాడు ఉదయం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే సరిగ్గా అక్కడే, ఆ గమకం కిందే, గుడ్డ దులుపుతున్నట్టు దబదబమని గాలి. ఎక్కడో దూరంగా ఫ్యాన్ తిరిగే చప్పుడైతే చెవి కాసేపటికి అలవాటు పడుతుంది. ఇది తిన్నగా మైకుకు తగిలిన గాలి. కింది స్వరాలను కోసేసే లో కట్ వేస్తే కొంత పోయింది గానీ, దాంతోపాటే మంద్ర తంత్రి బరువూ పోయింది. ఆ ఆలాపన మళ్లీ రాదు కదా. ఇప్పటికీ బాధే.

కారణం మైకు కట్టుబడిలోనే ఉంది. ముందువైపు వినే మైకులో పలుచటి పొరకు రెండు పక్కలా దారి ఉంటుంది. ముందూ వెనకా ఒత్తిడిలో ఉన్న తేడాతో అది కదులుతుంది కాబట్టి కాస్త గాలికే ఊగిపోతుంది. ఆమ్నిలో పొర వెనకవైపు మూసే ఉంటుంది. అదే గాలికి అది అంతగా చలించదు. ఇంకొకటి: ముందువైపు వినే మైకును దూరం జరిపేకొద్దీ కింది స్వరాలు పలచబడతాయి. ఆమ్నికి ఆ జబ్బు లేదు. వీణ మంద్ర తంత్రి, మృదంగం తొప్పి మోత నిండుగా దొరుకుతాయి. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో పాతిక మంది కూర్చున్న హాల్లో ఫ్యాన్లన్నీ ఆపమని ఎవరినీ అడగలేం. అందుకే ఇంటి కచేరీకి నా ఓటు ఆమ్నికే.

దానికీ లోపాలున్నాయి. కుడి ఎడమల తేడా బాగా తగ్గుతుంది. ఎక్స్‌వైలో వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క విడివిడిగా కూర్చున్నట్టు వినిపిస్తాయి, ఆమ్నిలో అంతా దగ్గరకు జరుగుతారు. పాలరాతి నేల, ఖాళీ గోడలు ఉన్న హాలైతే ప్రతిధ్వని కూడా నిండుగా ఎక్కుతుంది. జంపఖానా పరిచి, కర్టెన్లు దించి, జనం కూర్చున్నాక అది చాలా తగ్గుతుంది. మిగిలింది దూరంతో సరిపెట్టాలి. నాలుగైదు అడుగుల్లోపు పెట్టలేని చోట ఆమ్ని వద్దు.

ఏది కొన్నా కింద జంపఖానా మీద మాత్రం పెట్టకండి. గాత్ర కచేరీలో ఒకసారి అలా పెడితే తొడ మీద వేసే తాళం గొంతు కన్నా పెద్దగా వచ్చింది. రెండింటికీ కెమెరా స్టాండు మర ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో చిన్న స్టాండు ఒకటి తెచ్చుకుని, కూర్చున్నవారి ముఖం ఎత్తుకు తీసుకురండి. శ్రుతి పెట్టెను కళాకారుల వెనక్కి జరపండి, రికార్డర్ పక్కనుంటే పాటంతా దాని వెనక దాక్కుంటుంది.

సభలో మాత్రం నా మాట వేరు. త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో ఆరో వరుసలో కూర్చుని, నిర్వాహకులనూ కళాకారులనూ అడిగి రికార్డు చేసుకుంటున్నారంటే ఎక్స్‌వైయే తీసుకెళ్లండి. వెనక కుర్చీల కిర్రులు, దగ్గులు కొంతైనా తగ్గుతాయి. సభ మైకులన్నీ కలిపే మిక్సర్ నుంచి తీగ ఇస్తామంటే హెచ్4 ఎసెన్షియల్, డీఆర్-40ఎక్స్ లాంటి, ఆ తీగ గుచ్చుకునే ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్లు ఉన్నవి కావాలి. ఇంటికి అంత అక్కర్లేదు. ఫోను గుర్తుగా దాచుకోవడానికి చాలు. దాని సొంత లెవెల్ సర్దుబాటు ఆలాపనను పైకి లాగి, తనిని నొక్కేస్తుంది.

కార్డు లెక్క కూడా చూసుకోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకు గంటకు ఒక జీబీ పైచిలుకు, 32 బిట్‌కు దాదాపు 1.4 జీబీ పడుతుంది.

ఇప్పటికే హెచ్1 ఎసెన్షియల్ కొనేసినవాళ్లు మార్చుకోనక్కర్లేదు. బొచ్చు తొడుగు ఒకటి తెచ్చి వేయండి. కళాకారుల మీది ఫ్యాన్ ఆపి, శ్రోతల మీదివి రెగ్యులేటర్ ఒకటిలో పెట్టించండి. ఆ మల్కాజిగిరి ఇంట్లోనే ఈ మధ్య మళ్లీ కచేరీ జరిగితే ఆమ్ని రికార్డర్‌ను నాలుగు అడుగుల దూరంలో పెట్టి, ఫ్యాన్లు ఇలాగే చేయించాను. మంద్ర షడ్జం మీద మీటు పడ్డాక ఆ నాదం పూర్తిగా సన్నగిల్లి ఆగేదాకా వినిపించింది.