43 వేల కిలోమీటర్లు తిరిగాక: పాత బండికి నేనే వేసుకున్న చక్రాల బేరింగ్‌లు

మా నాన్న 2003లో కొన్న వంద సీసీ బండి ఇంకా మా ఇంట్లోనే ఉంది. ప్లేటు మీద ఏపీ 11 అని ఉంటుంది, అంటే మలక్‌పేట రిజిస్ట్రేషను. ఇప్పుడు నేను నడుపుతున్నాను. సరూర్‌నగర్ నుంచి నాగోలు, ఉప్పల్, బోడుప్పల్, చెంగిచర్ల మీదుగా చర్లపల్లి పారిశ్రామికవాడకి పోనూ రానూ రోజుకి 36 కిలోమీటర్లు. 2021 మార్చిలో దీనికి ముందు చక్రం, వెనక చక్రం బేరింగ్‌లు, అంటే రెండు ఉక్కు రింగుల మధ్య గోళీలు తిరుగుతూ చక్రాన్ని సాఫీగా తిప్పే ముక్కలు, నేనే మార్చుకున్నాను. అప్పటినుంచి 43 వేల కిలోమీటర్లు దాటింది. వేసిన వారానికే రాయొచ్చు గానీ, బేరింగ్ సంగతి వారంలో తేలేది కాదు.

2020 అక్టోబరు 13 రాత్రి పడ్డ వాన హైదరాబాదులో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. మా గల్లీలో బండి రెండు రోజులు హబ్ దాకా, అంటే బేరింగ్‌లు కూర్చునే చక్రం నడిమి భాగం దాకా, నీళ్లలో నిలబడిపోయింది. నీళ్లు తీశాక ఇంజనాయిల్, ప్లగ్గు, కార్బురేటర్ అన్నీ చూపించాం. చక్రాల ఊసే ఎవరికీ తట్టలేదు. నెల తిరిగేసరికి నలభై స్పీడు దాటితే చాలు, కింద నుంచి గుయ్ఁమని ఒక రొద. టైరు చప్పుడేమో అనుకున్నాను. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపితే టకటకమని ఆడింది. మీ బండి పాతదైతే ఈ పరీక్ష ఇవాళే చేయండి, నిమిషం కూడా పట్టదు.

దగ్గర్లో ఒక మెకానిక్ దగ్గర మార్పించాను. అరగంటలో అయిపోయింది, రొద పోయింది, సంతోషంగా ఇంటికొచ్చాను. సరిగ్గా నాలుగు నెలలకి అదే రొద, ఈసారి ఇంకా ఎక్కువ. ఉప్పల్‌లో ఎలివేటెడ్ కారిడార్ పనుల పక్కన గుంతల్లో పోతుంటే హ్యాండిల్ చేతుల్లో వణికేది. వెనక నాన్నని కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లే బండి అది. నిజంగా భయమేసింది.

మా మెషిన్ షాపులో ముప్పై ఏళ్లుగా లేతు మీద పనిచేసే చాచా ఒకాయన ఉన్నారు. ఆదివారం చక్రం ఊడదీసి ఆయన ఇంటికి పట్టుకెళ్లాను. బేరింగ్ లోపలి రింగులో ఆయన వేలు పెట్టి తిప్పారు, నన్నూ తిప్పి చూడమన్నారు. ఇసుక పోసిన తిరగలిలా గరగరలాడింది. తర్వాత హబ్ గుండా వెలుతురుకి పెట్టి చూసి, "బేటా, ఇందులో పైపేదీ?" అన్నారు.

పైపు లేదు. నాలుగు నెలలకే బేరింగ్ పోయిన కారణం అదే. నేను రాయాలనుకున్న అసలు విషయం కూడా అదే.

హబ్‌లో రెండు వైపులా రెండు బేరింగ్‌లు ఉంటాయి. ఆ రెండిటి మధ్య ఒక ఇనప గొట్టం ఉంటుంది, స్పేసర్ అంటారు, మెకానిక్‌లు పైపు అనో బుష్ అనో అంటారు. యాక్సిల్ (చక్రం మధ్యలోంచి పోయే రాడ్డు) నట్టు బిగించినప్పుడు ఆ బలమంతా లోపలి రింగుల మీద పడుతుంది. పైపు ఉంటే ఒక రింగు నుంచి పైపులోకి, పైపు నుంచి రెండో రింగులోకి బలం నేరుగా వెళ్లిపోతుంది, గోళీల మీద ఏమీ పడదు. పైపు లేకపోతే బయటి రింగులు హబ్‌లో కదలకుండా ఉంటాయి, లోపలి రింగులు మాత్రం ఒకదాని వైపు ఒకటి నొక్కుకుపోతాయి. మధ్యలో గోళీలు పక్కగోడకి ఒరుసుకుంటూ తిరుగుతాయి. నా బేరింగ్‌లో గోళీల బాట మధ్యలో కాకుండా ఒక అంచుకి పడి, అక్కడ పెచ్చులు లేచి ఉంది. ఇలా ఉంటే ప్రపంచంలో ఏ కంపెనీ బేరింగ్ వేసినా నిలవదు.

చాచా వెర్నియర్‌తో హబ్‌లో బేరింగ్ ఆనే ఒక గట్టు నుంచి రెండో గట్టు దాకా కొలిచి, దానికి 0.1 మిల్లీమీటరు కలిపి, ఇనప రాడ్డు నుంచి నాకు కొత్త పైపు తీశారు. ఆ కాస్త ఎక్కువ ఎందుకని అడిగాను. ఒక వైపు బేరింగ్ గట్టుకి పూర్తిగా ఆనాలి, రెండోది పైపుకి ఆనాలి, గట్టుకి కాదు. పైపు పొట్టిదైతే ఉన్నా లేనట్టే అన్నారు. రెండు కొసలూ చదునుగా ఫేసింగ్ చేసి, చేత్తో తడిమి, గాజు పలక మీద నిలబెట్టి చూసి గానీ ఇవ్వలేదు. డబ్బులు తీసుకోలేదు. ఆ పైపు ఇప్పటికీ నా బండిలోనే తిరుగుతోంది.

బేరింగ్‌లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నాను. బండి పేరు చెప్పి అడగొద్దు. పాత బేరింగ్ మీద చెక్కిన నంబరు చదివి ఆ నంబరే అడగండి. నా ముందు చక్రానివి 6301. చివర 01 ఉంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, 02 అయితే 15, 03 అయితే 17. 6201కీ రంధ్రం 12 మిల్లీమీటర్లే, యాక్సిల్ చక్కగా పడుతుంది, కానీ బయటి కొలత 32 మాత్రమే. 6301కి 37, కాబట్టి 6201 ఈ హబ్‌లో నిలవదు. నంబరు తర్వాత జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూత. నీళ్లలో మునిగిన అనుభవం ఉన్నవాడిని కాబట్టి రబ్బరు మూతవే తీసుకున్నాను, జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీవి, ఒక్కోటి 140 రూపాయలు పడింది. పేరున్న కంపెనీలన్నిటికీ నకిలీలు ఉన్నాయి. ఎస్‌కేఎఫ్ వాళ్లయితే అసలుదో కాదో చూసుకోవడానికి ఒక యాప్ కూడా పెట్టారు. బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

వేసే పని శనివారం రాత్రే మొదలైంది. కొత్త బేరింగ్‌లని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున అమ్మ పచ్చి బఠాణీల కోసం తెరిచి, "ఇవేంట్రా ఇక్కడ?" అని అడిగింది. చల్లబడితే ఉక్కు కాస్త ముడుచుకుంటుంది. హబ్ అల్యూమినియం, వేడి చేస్తే ఉక్కుకి దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. హబ్ మీద మరిగే నీళ్లు పోసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఫ్రీజర్లోంచి తీసిన బేరింగ్ పెడితే సగం దూరం దానంతటదే దిగింది. మిగతా సగానికి పాత బేరింగ్‌ని పైన పెట్టి, దాని బయటి రింగు మీద మాత్రమే సుత్తెతో చిన్నచిన్నగా, చుట్టూ తిప్పుతూ కొట్టాను. లోపలి రింగు మీద ఒక్క దెబ్బ వేసినా ఆ దెబ్బ గోళీల గుండా పోతుంది, కొత్త బేరింగ్‌లో అప్పుడే గుంటలు పడతాయి. గట్టుకి ఆనేసరికి చప్పుడు మారుతుంది. డబ్ డబ్ అంటున్నది ఠంగ్‌మంటుంది. అక్కడ ఆపాలి. తర్వాత చక్రం తిప్పి పైపు పెట్టి, రెండో బేరింగ్ పైపుని తాకేదాకా దించి, వేలితో లోపలి రింగు తిప్పి చూశాను. నూనె రాసినట్టు మెత్తగా తిరిగింది. పైన కొత్త ఆయిల్ సీలు వేశాను. రబ్బరు మూత ఉంది కదా అని సీలు మానేయొద్దు, బురదని మొదట ఆపేది అదే. వెనక చక్రానికి పాత పైపు ఉంది, కొలిచి చూసి దాన్నే వాడాను. డ్రమ్ము రబ్బర్లు కూడా అప్పుడే మార్చేశాను.

ఇక ఎలా తిరిగాయంటే. ముందు చక్రం బేరింగ్‌లు ఇప్పటికీ అవే. ఏటా వానాకాలం అయ్యాక చక్రం విప్పి వేలితో తిప్పి చూస్తున్నాను. గరగర లేదు, ఊపితే ఆట లేదు. మొదటి వంద కిలోమీటర్లు చక్రం చేత్తో తిప్పితే కాస్త బిగువుగా అనిపించింది, అది కొత్త రబ్బరు మూతల రాపిడి, తర్వాత పోయింది. మైలేజీలో నాకు తేడా కనిపించలేదు. వెనక మాత్రం ఛైను వైపు బేరింగ్ 31 వేల దగ్గర పోయింది. ఛైను లాగుడంతా ఆ పక్కనే పడుతుంది కాబట్టి అది ముందు అరగడం మామూలే, అయినా నేను ఇంకొంచెం ఆశించాను. ఆ నెలల్లో ఛైను మరీ బిగించి నడిపాను, తప్పు అక్కడ ఉందనే నా నమ్మకం. ఒక్కటే మార్చకుండా రెండూ మార్చాను, రెండోది బాగానే ఉన్నా.

ఒకసారి వాటర్ సర్వీసింగ్‌లో కుర్రాడు ప్రెషర్ గన్ తిన్నగా హబ్ మీదికి పెట్టాడు. "తమ్మీ, అక్కడ కొట్టకు" అని ఆపేశాను. వర్షం నీళ్లని ఆపే రబ్బరు అంచు ఆ ఒత్తిడికి తెరుచుకుంటుంది, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. అప్పటినుంచి బండి ఇంట్లోనే బకెట్టు నీళ్లతో కడుగుతున్నాను.

నాకు తేలింది ఇది: రబ్బరు మూత బేరింగ్‌కి రేకు మూతదానికన్నా పెట్టే ఇరవై ముప్పై రూపాయలు మన వానలకి దండగ కావు. కానీ మొదటిసారి నాలుగు నెలలు, రెండోసారి నాలుగేళ్లు పైన నిలవడానికి తేడా బేరింగ్‌లో లేదు, ఆ పైపులో, సుత్తె ఎక్కడ పడిందన్న దాంట్లో ఉంది. మీరు బయట మార్పిస్తే పక్కనే నిలబడండి. పాత బేరింగ్‌లు ఊడదీసినప్పుడు పైపు కింద పడిన చప్పుడు వినండి, అది మళ్లీ లోపలికి వెళ్లిందో లేదో మీ కళ్లతో చూడండి. బేరింగ్ వదులుగా చేత్తోనే దిగిపోతుంటే హబ్ గూడు అరిగిందని అర్థం. అప్పుడు పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టి బిగువు చేస్తామంటారు, ఒప్పుకోవద్దు, అది కొన్నాళ్లకే మళ్లీ వదులవుతుంది. హబ్ మార్పించండి.

పోయిన వారం విప్పినప్పుడు ముందు చక్రంలో స్పీడోమీటర్ గేరు వైపు ఆయిల్ సీలు అంచు గట్టిపడి పగుళ్లు కనిపించాయి. బేరింగ్ బాగానే ఉంది. ఈ శనివారం రాణిగంజ్ వెళ్లి సీలు తేవాలి, వానలు మొదలయ్యేలోపు వేసేయాలి.